లేస్తెనే నొస్తది

"ఏం చదువుతున్నవ్ బిడ్డా?" అనడిగింది ఈదమ్మ
మొదటిరోజు, నల్లకుంట మార్కెట్ వెనక, పొరక గోడకానించి.
మీ మాటల్ని కోడింగ్ చేస్తానన్నాను.
"అట్లనా! మా అక్క మనుమడు గూడ గదే. మాదాపూర్ల.
నీకు బస్సు పెడ్తరా?"

పెట్టరు.
విద్యానగర్‌లో అద్దె గది, నీళ్ళ డ్రమ్ము పక్కన టేబులు.
గంట మాటకి ఆరు గంటల రాత.
ఆమె దగ్గినచోట దగ్గు అని రాస్తాను,
నవ్వినచోట నవ్వు.
సిటీ బస్సు అడ్డొచ్చి మాట పోయినచోట
వినబడలేదు అని బ్రాకెట్లో పెడతాను.

తర్వాత రంగులు.
జీతానికి పసుపు, సూపర్‌వైజర్‌కి గులాబి,
తెల్లారుజామున వెంటపడే కుక్కలకీ మనుషులకీ కలిపి నీలం.
హాజరు వేసే ఫోను
ముఖాన్ని గుర్తుపట్టని రోజులకి రంగు మిగల్లేదు,
పెన్సిల్‌తో గీశాను.
ప్రతి వాక్యానికీ ఒక పేరు పెట్టాలి,
ఆ పేరు ఆమె నోటినుంచే వస్తే మంచిదంది మేడమ్.
అందుకే నా పట్టికలో ఒక కోడ్ "సగం దినం కోసిండు".
ఇంకొకటి "ఛాయ్ గిలాస వేరే".
దీనికి ఒక పెద్ద పేరు పెట్టబోయాను,
పుస్తకాల్లో ఉండేది.
కొట్టేశాను.

నూట పన్నెండో లైను దగ్గర ఆగిపోయాను.
నడుము నొప్పి ఉందా అని నా ప్రశ్న.
"వంగితె నొయ్యది బిడ్డా. లేస్తెనే నొస్తది."

ఆరోగ్యం అని రాశాను, ఆకుపచ్చ.
అదే పేజీని నాతో మాట్లాడకుండా విడిగా చదివిన ఫర్‌హీన్
గౌరవం అని రాసింది.
ఇద్దరి లెక్కా పోల్చితే సున్నా పాయింట్ ఆరు ఒకటి.
చాలదు, కూర్చుని తేల్చుకోండి అంది మేడమ్.

తార్నాకలో ఇరానీ హోటల్.
రెండు ఛాయ్‌లు, ఉస్మానియా బిస్కెట్లు, ఒక వాక్యం.
నడుమంటే నడుమేనా, అంటుంది ఫర్‌హీన్.
కాకపోతే ఏమిటి, మనం కవిత్వం రాస్తున్నామా, అంటాను.
మూడో ఛాయ్‌కి ఇద్దరం అటువాళ్ళం ఇటయ్యాం:
తను ఆరోగ్యమంటోంది, నేను గౌరవమంటున్నాను.

వెళ్ళి ఆమెనే అడిగాం.
"ఏమని రాసినవ్?"
ఆరోగ్యం అని.
"ఆరోగ్యముంటె ఎందుకు నొస్తది?"
పోనీ గౌరవం అని రాయనా?
పొరక రెండుసార్లు నేలకేసి కొట్టి సరిచేసుకుంది.
"నడుముకు బాము రాస్తరు బిడ్డా.
నువ్వు పేర్లు రాస్తున్నవ్."

కొత్త మాట రావడం ఆగితే
నిండినట్టే, ఇక చాలు అంటాయి పాఠాలు.
పద్నాలుగో మనిషి దగ్గర ఆగుతుందన్నారు.
పంతొమ్మిదో మనిషి దగ్గర కూడా
ఇతరాలు అని రాసిన నా సంచి పొంగుతూనే ఉంది.
అందులో ఈదమ్మకి చెత్తలో దొరికిన అద్దం,
"పగల్లే, ఏం లే, ఎందుకు పారేసిన్రో".
ఇరవై ఏళ్ళుగా బాలనర్సమ్మ ఊడ్వని ఒకే ఒక్క వాకిలి.
పదకొండు సెకన్లు ఎవరూ మాట్లాడని చోటు,
ఈదమ్మ చిన్నకొడుకు గురించి
అడక్కూడనిది నేనడిగాక వచ్చింది.
కంప్యూటర్ తెరమీద అది సన్నటి గీత,
అప్పుడే ఊడ్చిన రోడ్డులా.
దానికి ఏ రంగూ పూయలేదు.

చివరిరోజు తన గొంతు తాను వింటానంది.
ఇయర్‌ఫోన్ ఒకటి ఆమె చెవిలో, ఒకటి నా చెవిలో,
ఫుట్‌పాత్ మీద భుజాలు తగిలేలా కూర్చున్నాం.
"గిది నేనా?"
ఇంకాసేపు విన్నది.
"మా అవ్వ మాట్లాడినట్టే ఉన్నది.
ఆమె గూడ గీ రోడ్డే ఊడ్సేది."

మూడు వందల పేజీల్లో ఈ సంగతి ఎక్కడా లేదు.
నేనడగలేదు.
ఫోను అప్పుడు వినిపిస్తోంది,
వినడం లేదు.